కాకువు, విశ్వాసం, టెలివిజన్: వాల్టర్ క్రాంకైట్ వియత్నాం వ్యాఖ్య (1968) – చారిత్రక పరిశీలన

1. ఉపోద్ఘాతం

టెలివిజన్ వ్యాఖ్యాత మాటకు ప్రేక్షకుడు ఇచ్చే విలువ ఆ మాటలోని విషయాన్ని బట్టి మాత్రమే నిర్ణయం కాదు. చెప్పిన తీరు, గొంతులోని ఎత్తుపల్లాలు, ఎక్కడ ఆగాడు, ఎక్కడ తొందరపడ్డాడు అన్నవి కూడా ఆ విలువను నిర్ణయిస్తాయి. ఇంతవరకు వివాదం లేదు. ఆ స్వరానికి ఉన్న శక్తి ఎంత, అది ఒక దేశపు అభిప్రాయాన్ని మార్చగలిగేంతటిదా అన్న ప్రశ్న దగ్గరే చిక్కు మొదలవుతుంది. మార్చగలదని నమ్మేవారు తరచుగా చూపే ఉదాహరణ ఒకటుంది. 1968 ఫిబ్రవరి 27 రాత్రి అమెరికాలో సీబీఎస్ సంస్థ ప్రసారం చేసిన వియత్నాం ప్రత్యేక కార్యక్రమం చివర వాల్టర్ క్రాంకైట్ చేసిన కొద్ది నిమిషాల వ్యాఖ్య అది. ఆ రాత్రితో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ యుద్ధం మీద ఆశ వదులుకున్నాడని, నెల తిరగకుండానే పోటీ నుండి తప్పుకున్నాడని పాఠ్యపుస్తకాలు మొదలు వార్తా సంస్మరణల వరకు చెబుతూ వచ్చాయి.

ఈ వ్యాసం ఆ ఉదాహరణను రెండు వైపుల నుండి పరిశీలిస్తుంది. క్రాంకైట్ స్వరానికి విశ్వసనీయత ఎలా సమకూరిందన్నది మొదటిది. ఆ విశ్వసనీయత చేసిందని చెప్పుకునే పనికి ఆధారాలు ఏ మేరకు ఉన్నాయన్నది రెండవది. ఈ రెంటినీ కలిపివేయడం వల్లనే ప్రసారమాధ్యమాల చరిత్రలో చాలా పొరపాట్లు జరిగాయి.

పరిభాష గురించి ఒక మాట అవసరం. తెలుగులో ‘వ్యాఖ్యాత’ అన్న మాట మోయలేనంత బరువు మోస్తోంది. కాళిదాసుకు టీక రాసిన మల్లినాథసూరి వ్యాఖ్యాతే. క్రికెట్ ఆట వర్ణించేవాడు, పాటల కార్యక్రమంలో పాటకూ పాటకూ మధ్య మాటలు అల్లే యువతి కూడా వ్యాఖ్యాతలే. ఇక్కడ వార్తలు చదివేవారిని వార్తాపాఠకులనీ, వార్తా ప్రసారాన్ని ముందుండి నడిపేవారిని యాంకర్లనీ, జరిగినదాని అర్థాన్ని తన అభిప్రాయంగా చెప్పేవారిని వ్యాఖ్యాతలనీ వేరుచేయడం జరిగింది. క్రాంకైట్ వృత్తిరీత్యా యాంకర్. ఆ రాత్రి కొద్ది నిమిషాలు వ్యాఖ్యాత అయ్యాడు. ఆ పాత్ర మార్పే ఇక్కడి విషయం.

2. కాకువు: ఒక పనిముట్టు

మాటలు మారకుండా గొంతు మారితే అర్థం మారుతుందన్న ఎరుక మన అలంకారశాస్త్రానికి పాతదే. దానికి ‘కాకువు’ అని పేరు. భరతుడు నాట్యశాస్త్రంలో కాకువును సాకాంక్షం, నిరాకాంక్షం అని రెండుగా విభజించాడు. ఇంకా ఏదో చెప్పవలసి ఉన్నట్లు, అర్థం పూర్తికానట్లు వినిపించేది మొదటిది. చెప్పవలసినది పూర్తయినట్లు వినిపించేది రెండవది. మమ్మటుడు కావ్యప్రకాశం మూడవ ఉల్లాసంలో వ్యంగ్యార్థానికి దారితీసే అంశాలను చెబుతూ కాకువును ఒంటరిగా నిలబెట్టలేదు. వక్త, బోద్ధవ్యుడు, కాకువు, వాక్యం, వాచ్యం, అన్యసన్నిధి, ప్రస్తావం, దేశం, కాలం అనే వరుసలో దానిని ఒకటిగా లెక్కించాడు. ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు, ఎవరు పక్కన ఉండగా చెప్పారు, ఏ సందర్భంలో, ఎక్కడ, ఎప్పుడు అన్నవి తెలియనిదే గొంతు మార్పు దేనినీ సూచించలేదన్నది ఆ జాబితాలోని అంతరార్థం.

ఆధునిక సంజ్ఞాపనశాస్త్రం ఇదే విషయాన్ని వేరే దారిలో చేరుకుంది. కార్ల్ హోవ్‌లాండ్, వాల్టర్ వైస్‌లు 1951లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే సమాచారాన్ని నమ్మదగిన మూలం నుండి వచ్చినట్లు కొందరికీ, నమ్మదగని మూలం నుండి వచ్చినట్లు మరికొందరికీ ఇచ్చి చూశారు. మొదట్లో నమ్మదగిన మూలానికే మొగ్గు కనిపించింది. కొన్ని వారాలు గడిచేసరికి ఆ తేడా చాలావరకు చెరిగిపోయింది. 1956లో డోనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్‌లు టెలివిజన్ తెరమీది మనిషితో ప్రేక్షకుడికి ఏర్పడే ఏకపక్ష పరిచయాన్ని వర్ణించారు. ప్రతిరోజూ ఒకే వేళకు ఇంట్లోకి వచ్చి, తన వైపే చూసి మాట్లాడే మనిషిని ప్రేక్షకుడు ఎరిగినవాడిగా భావిస్తాడు; ఆ మనిషికి మాత్రం ఈ ప్రేక్షకుడు ఉన్నట్లే తెలియదు. ఈ అధ్యయనాలు మూలం మీద, పరిచయం మీద దృష్టి నిలిపాయి. గొంతుకు ప్రత్యేక స్థానం ఇచ్చింది మాత్రం మమ్మటుడి జాబితాయే. చరిత్రకారుడికి అది ఎక్కువగా పనికివస్తుంది.

3. సమస్వరం సహజం కాదు, నియమం

అమెరికన్ ప్రసార వార్తల్లో భావరహితమైన సమస్వరం వ్యక్తుల స్వభావం నుండి పుట్టలేదు. దాని వెనుక చట్టం ఉంది, వ్యాపారం ఉంది. 1941లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ ‘మేఫ్లవర్’ నిర్ణయంలో ప్రసార సంస్థ ఒక పక్షం వహించి వాదించరాదని చెప్పింది. లైసెన్సు ప్రభుత్వం చేతిలో ఉన్నప్పుడు అభిప్రాయం ఖరీదైన వస్తువవుతుంది. సీబీఎస్ వార్తా విభాగం అధిపతి పాల్ వైట్ తమవారు వార్తను విశ్లేషించవచ్చు గాని సొంత అభిప్రాయాన్ని శ్రోతల మీద రుద్దరాదన్న నియమాన్ని 1943లో గట్టిగా అమలు చేయబూనాడు. యుద్ధం మీద దేశంలో ఉత్సాహం చల్లారుతోందని చెప్పిన సెసిల్ బ్రౌన్ ఆ ఏడాది మందలింపుకు గురై సంస్థను వీడాడు. ఆ నియమాన్ని బాహాటంగా ఎదిరించిన హెచ్.వి. కాల్టెన్‌బార్న్ వంటి పాతతరం వ్యాఖ్యాతలకు అది కృత్రిమంగా తోచింది. ఏ వార్తను ఎంచుకోవాలో, ఏ మాటను నొక్కి పలకాలో నిర్ణయించడమే ఒక అభిప్రాయమన్నది వారి వాదనలోని సారం. ఆ వాదనకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు.

1949లో కమిషన్ తన వైఖరిని సడలించి, వివాదాస్పద విషయాలను చర్చించవచ్చు గాని భిన్నపక్షాలకు తగిన అవకాశం ఇవ్వాలన్న ‘ఫెయిర్‌నెస్ డాక్ట్రిన్’ను తెచ్చింది. 1987 వరకు అది కొనసాగింది. ఎడ్వర్డ్ మరో 1954 మార్చి 9న ‘సీ ఇట్ నౌ’ కార్యక్రమంలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీని ఎదుర్కొన్నది ఈ చట్రంలోనే. కార్యక్రమంలో అధికభాగం మెకార్తీ సొంత మాటలు, సొంత చిత్రాలు. ఏప్రిల్ 6న అదే కార్యక్రమ సమయంలో మెకార్తీకి జవాబు చెప్పే అవకాశం దక్కింది. ఆ జవాబు మెకార్తీకే ఎక్కువ హాని చేసిందని చాలామంది చరిత్రకారుల అంచనా.

మరో స్వరం సమస్వరం కాదు. నాటకశాలలో సాధన చేసిన గొంతు అది. రెండవ ప్రపంచయుద్ధంలో లండన్ నుండి ప్రసారాలు ప్రారంభించేటప్పుడు మొదటి మాట తరువాత చిన్న విరామం ఇవ్వమని సలహా ఇచ్చినది కళాశాలలో ఆయనకు వాగ్విద్య నేర్పిన ఐడా లూ ఆండర్సన్. ఆ విరామం ఆయన ముద్రగా మారింది. విశ్వసనీయతకు ఒకే స్వరం లేదని చెప్పడానికి మరో, క్రాంకైట్‌ల తేడా చాలు: ఒకరిది ధర్మాగ్రహం నిండిన గంభీరత, మరొకరిది ఇరుగుపొరుగు పెద్దమనిషి తాపీతనం.

4. నిమిషానికి 124 మాటలు

1916లో మిస్సోరీ రాష్ట్రంలో పుట్టిన క్రాంకైట్ తొలి పాఠం రేడియోలో నేర్చుకున్నాడు. కాన్సస్ సిటీలో ఒక చిన్న కేంద్రంలో పనిచేసే రోజుల్లో తంతి మీద వచ్చే ముక్కల సమాచారాన్ని బట్టి ఫుట్‌బాల్ ఆటను కళ్ల ముందు జరుగుతున్నట్లు వర్ణించేవాడు. గొంతుతో లేని దృశ్యాన్ని ఉన్నట్లు చూపగలనని తెలిసిన మనిషి తరువాతి జీవితమంతా ఆ విద్యను అదుపులో పెట్టుకోవడం గమనించదగినది. అక్కడే ఒక అగ్నిప్రమాదం కబురును నిర్ధారించుకోకుండా చెప్పడానికి ఒప్పుకోనందుకు ఉద్యోగం పోయిందని తన ఆత్మకథలో రాసుకున్నాడు. మంట చిన్నదేనని తరువాత తేలింది. అటుపైన యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థలో చేరి యుద్ధ విలేకరిగా పేరు తెచ్చుకున్నాడు. మరో స్వయంగా సీబీఎస్‌కు పిలిచినా అప్పట్లో వెళ్లలేదు. 1950లో గాని చేరలేదు.

1962 ఏప్రిల్ 16న సీబీఎస్ సాయంకాల వార్తలకు ఆయన యాంకర్ అయ్యాడు. వార్తల నిడివి 15 నిమిషాలు. 1963 సెప్టెంబర్ 2 నుండి అరగంట. సగటు అమెరికన్ నిమిషానికి సుమారు 165 మాటలు మాట్లాడతాడని చెబుతారు. క్రాంకైట్ 124 మాటలకు తనను తాను అలవాటు చేసుకున్నాడు. నిదానం వినయంగా తోస్తుంది. వినేవాడికి ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. అర్థమయ్యేలా చెప్పాలన్న వృత్తిధర్మం, నమ్మించే గుణం ఇక్కడ ఒకే అలవాటులో కలిశాయి.

దీన్ని బట్టి ఆ స్వరం తనంతట తానే జనాన్ని గెలిచిందని అనుకోరాదు. ఎన్బీసీలో చెట్ హంట్లీ, డేవిడ్ బ్రింక్లీల జంట చాలాకాలం ముందంజలో ఉంది. బ్రింక్లీ పొడిపొడి హాస్యం ప్రేక్షకులకు నచ్చింది. 1964 రిపబ్లికన్ మహాసభ ప్రసారంలో ఎన్బీసీ చేతిలో దెబ్బతిన్న సీబీఎస్, ఆ వేసవి డెమొక్రాటిక్ మహాసభకు క్రాంకైట్‌ను పక్కన పెట్టి రాబర్ట్ ట్రౌట్, రోజర్ మడ్‌లను కూర్చోబెట్టింది. అంటే అదే గొంతు, అదే నిదానం, అప్పటికి నష్టం తెచ్చే సరుకుగా తోచాయి. సీబీఎస్ ముందుకు వచ్చింది ఆ దశకం చివరికి. విశ్వసనీయతను స్వరంలోని సహజగుణంగా వివరించే సిద్ధాంతాలన్నీ 1964 దగ్గర తడబడతాయి.

ఆ స్వరం దేశానికి గుర్తుండిపోయేలా చేసినది ఒక మధ్యాహ్నం. 1963 నవంబర్ 22న కెన్నెడీ మీద కాల్పులు జరిగిన కబురు వచ్చినప్పుడు స్టూడియో కెమెరా వేడెక్కడానికి వ్యవధి పట్టినందువల్ల తొలి ప్రకటన ధారావాహికను ఆపి గొంతుతో మాత్రమే వెళ్లింది. తూర్పు అమెరికా కాలమానం 2.38కి మరణవార్త ఖరారయింది. కళ్లజోడు తీసి, గోడగడియారం వైపు చూసి, సమయం చెప్పి, గుటక మింగి, మళ్లీ కళ్లజోడు పెట్టుకొని తరువాతి వాక్యంలోకి వెళ్లాడు. మొత్తం కొన్ని క్షణాలు. ఏడవలేదు, గొంతు బొంగురుపోయింది. రోజూ నిరాకాంక్షంగా వినిపించే గొంతు ఒక్కసారి ఆగడం వల్లనే ఆ క్షణానికి అర్థం వచ్చింది. నిత్యం భావోద్వేగంతో మాట్లాడేవాడి కంట నీరు తిరిగినా అది కొత్త సంగతి కాదు.

రోజువారీ ప్రసారాన్ని ‘ఇదీ నేటి పరిస్థితి’ అనే అర్థం వచ్చే ముగింపు మాటతో, తేదీ చెప్పి, ముగించేవాడు. సీబీఎస్ వార్తా విభాగాధిపతి రిచర్డ్ శాలెంట్‌కు ఆ మాట నచ్చలేదు. అరగంటలో చెప్పినదే సర్వమనే ధ్వని అందులో ఉందన్నది ఆయన అభ్యంతరం, నిజమైన అభ్యంతరమే. క్రాంకైట్ ఆ మాటను వదలలేదు గాని ఒక నియమం పాటించాడు. ప్రసారాన్ని అభిప్రాయంతోనో వ్యాఖ్యతోనో ముగించిన రోజు ఆ మాట చెప్పేవాడు కాదు. వాస్తవానికి వేసే ముద్రను అభిప్రాయానికి వేయరాదన్న వివేకం అది. ప్రేక్షకుల్లో ఎందరు దాన్ని గుర్తించారో లెక్క లేదు. అలవాటైన ముగింపు వినబడనప్పుడు ఏదో తేడా ఉన్నట్లు చెవికి మాత్రం తెలుస్తుంది.

5. 1968 ఫిబ్రవరి 27

1968 జనవరి చివర టెట్ పండుగ సెలవుల్లో ఉత్తర వియత్నాం, వియత్‌కాంగ్ బలగాలు దక్షిణ వియత్నాం నగరాల మీద ఏకకాలంలో దాడికి దిగాయి. సైగాన్‌లోని అమెరికన్ రాయబార కార్యాలయ ప్రాంగణంలోకి కూడా చొరబడ్డాయి. సైనికంగా ఆ దాడి విఫలమైంది. అయితే విజయం దగ్గరలోనే ఉందని 1967 చివర ప్రభుత్వం చేసిన ప్రచారానికి అది కోలుకోలేని దెబ్బ. అప్పటివరకు క్రాంకైట్ యుద్ధ విమర్శకుడు కాడు. 1965లో వియత్నాం వెళ్లినప్పుడు సైన్యం పట్ల సానుభూతితోనే తిరిగివచ్చాడు. ఈసారి శాలెంట్ సమ్మతితో ఫిబ్రవరిలో వెళ్లి, సైగాన్, హ్యూ నగరాలు చూశాడు. హ్యూ నుండి వెలుపలికి వచ్చిన హెలికాప్టర్‌లో సైనికుల శవాలు కూడా ఉన్నాయి.

ఫిబ్రవరి 27 రాత్రి 10 గంటలకు ప్రసారమైన కార్యక్రమం చివర ఆయన బల్ల ముందు కూర్చొని మాట్లాడాడు. విశ్లేషణకు ముందే దానికి హద్దు గీశాడు: ఇది ఊహాత్మకం, వ్యక్తిగతం, ఆత్మాశ్రయం అని ప్రకటించాడు. తరువాత వాక్యాల నడక చూడాలి. విజయం దగ్గరపడిందని అనడం ఇంతకు ముందు పొరబడిన ఆశావాదులను మళ్లీ నమ్మడమే అవుతుందన్నాడు. ఓటమి అంచున ఉన్నామనడం అకారణ నిరాశ అన్నాడు. ఆ రెండు కొసలనూ తోసిపుచ్చి, ప్రతిష్టంభనలో చిక్కుకున్నామన్నదే వాస్తవికం, కాని అసంతృప్తికరమైన నిర్ణయం అన్నాడు. విజేతలుగా కాక, మాట నిలబెట్టుకోవడానికి చేతనైనంత చేసిన గౌరవనీయులుగా సంధి చర్చలకు వెళ్లడమే దారి అని ముగించాడు. తనను ‘ఈ విలేకరి’ అని ప్రథమపురుషలో చెప్పుకున్నాడు. ‘ఈ వ్యాసకర్త’ అని రాసే పరిశోధకులకు ఈ మర్యాద కొత్త కాదు. తాను చెప్పేదానికి తాను కాక తన వృత్తి పూచీ అన్న ధ్వని అందులో ఉంది. చివరకు తన పేరు, శుభరాత్రి. రోజూ వినిపించే ముగింపు లేదు.

గొంతు పెంచలేదు. నిమిషానికి మాటల లెక్కా పెద్దగా మారినట్లు తోచదు. మారింది వక్త స్థానం. ఆరేళ్లుగా ‘జరిగింది ఇది’ అని చెప్పిన నోరు ‘నాకు తోచింది ఇది’ అంది. అదీ పాత గొంతుతోనే అంది. కాకువు మారకుండా పాత్ర మారడం ఇక్కడి విశేషం. భరతుడి మాటల్లో చెప్పాలంటే వాక్యాలు నిరాకాంక్షంగా వినిపించాయి, ప్రసంగం మాత్రం సాకాంక్షంగా మిగిలింది. తరువాత ఏం చేయాలన్నది వినేవారికి వదిలింది.

6. ఒక ఐతిహ్యం, దాని లెక్కలు

క్రాంకైట్‌ను పోగొట్టుకుంటే సగటు అమెరికన్‌ను పోగొట్టుకున్నట్లేనని జాన్సన్ ఆ రాత్రి అన్నట్లు ప్రచారంలో ఉంది. ఈ మాటకు పాఠాంతరాలు ఎక్కువ. కొన్ని చోట్ల ‘సగటు అమెరికా’, కొన్ని చోట్ల ‘దేశం’, మరికొన్ని చోట్ల ‘యుద్ధం’ అని ఉంటుంది. తాళపత్ర ప్రతులతో పనిచేసినవారికి ఇన్ని పాఠాంతరాలు ఒక హెచ్చరిక. డేవిడ్ హాల్బర్‌స్టామ్ 1979లో వెలువరించిన గ్రంథంతో ఆ కథకు విస్తృత ప్రచారం వచ్చింది. డబ్ల్యూ. జోసెఫ్ క్యాంప్‌బెల్ 2010లో దాన్ని పరీక్షకు పెట్టాడు. ఆ రాత్రి జాన్సన్ వాషింగ్టన్‌లో లేడు. టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో గవర్నర్ జాన్ కానలీ 51వ పుట్టినరోజు విందులో ఉన్నాడు. 51 అంటే ఎట్టకేలకు సాధారణ మెజారిటీ దక్కిందని కానలీని ఆటపట్టించాడు. ప్రసారాన్ని అది వెలువడినప్పుడు ఆయన చూడలేదు. ఆ తరువాత కూడా యుద్ధపట్టుదల తగ్గినట్లు ఆయన మాటల్లో కనిపించదు. మార్చి 18న మినియాపొలిస్‌లో విజయం సాధించి తీరుతామన్న ధోరణిలోనే మాట్లాడాడు.

జనాభిప్రాయ లెక్కలు కూడా ఐతిహ్యానికి అనుకూలంగా లేవు. వియత్నాంకు సేనలు పంపడం పొరపాటా అని గాలప్ సంస్థ 1965 ఆగస్టులో అడిగినప్పుడు అవునన్నవారు 24 శాతం, కాదన్నవారు 61 శాతం. 1967 అక్టోబర్ నాటికి అవునన్నవారు 47, కాదన్నవారు 44. ఈ మలుపు క్రాంకైట్ వ్యాఖ్యకు నాలుగు నెలల ముందే వచ్చింది. 1968 ఫిబ్రవరి ఆరంభంలో 46, 42. వ్యాఖ్య వెలువడిన రోజుల్లో 49, 41. ఏప్రిల్‌లో 48, 40. ఒక రాత్రి దేశాన్ని తలకిందులు చేసిందని ఈ అంకెల నుండి తేల్చడం సాధ్యం కాదు. ‘ప్రతిష్టంభన’ అన్న నిర్ణయమూ కొత్తది కాదు. 1967 ఆగస్టు 7న న్యూయార్క్ టైమ్స్‌లో ఆర్.డబ్ల్యూ. ఆపిల్ అదే నిర్ణయాన్ని విస్తారంగా రాశాడు.

ఈ అంకెల కంటే మిన్నగా చర్చకు నోచుకోవలసింది మరొక ప్రసారం. 1968 మార్చి 10న ఎన్బీసీ ప్రత్యేక కార్యక్రమంలో ఫ్రాంక్ మెగీ, యుద్ధ లక్ష్యాల దృష్ట్యా అమెరికా ఓడిపోతోందన్న నిర్ణయానికి వచ్చాడు. ప్రతిష్టంభన కంటే ఇది ఎంతో కఠినమైన మాట. రెండు వారాల్లోపే, అంతే పెద్ద సంస్థ నుండి వచ్చింది. అయినా నేడు దాన్ని నిపుణులు తప్ప ఎవరూ స్మరించరు. విషయబలంతోనే జ్ఞాపకం నిలిచేటట్లయితే మెగీ నిలవాలి. నిలిచింది క్రాంకైట్. అనుదినం అదే వేళకు, అదే గొంతుతో ఇంటింటికీ వచ్చిన మనిషి తన అలవాటును తానే పక్కన పెట్టడం ఒక సంఘటనగా గుర్తుండిపోయింది. వక్త, ప్రస్తావం కాకువుకు తోడైతేనే అర్థం పుడుతుందన్న మమ్మటుడి వరుసకు ఇంతకంటే సూటి ఉదాహరణ ప్రసార చరిత్రలో అరుదు.

అంటే ఆ వ్యాఖ్యకు ప్రభావమే లేదని కాదు. అప్పటికే మనసు మారుతున్నవారికి అది గౌరవప్రదమైన అనుమతిపత్రం అయి ఉండవచ్చు. యుద్ధాన్ని సందేహించడం విశ్వవిద్యాలయ ప్రాంగణాల ఆవేశం మాత్రమే కాదని, నెమ్మదస్తుడైన నడివయసు మనిషి కూడా సందేహించవచ్చని చూపింది. ఈ రకమైన ప్రభావం శాతాల్లో కనిపించదు గాని నిర్లక్ష్యం చేయదగినది కాదు. క్రాంకైట్ సైతం తన ఆత్మకథలో దాన్ని జాన్సన్ మోస్తున్న బరువుకు తోడైన మరో గడ్డిపోచగానే లెక్కకట్టాడు. మార్చి 31న జాన్సన్ తప్పుకోవడానికి న్యూహాంప్‌షైర్‌లో యూజీన్ మెకార్తీకి వచ్చిన ఓట్లు, రాబర్ట్ కెన్నెడీ పోటీ ప్రకటన, సొంత సలహామండలిలోని పెద్దలు చేతులెత్తేయడం ఇంకా దగ్గరి కారణాలు.

‘అమెరికాలో అత్యంత విశ్వసనీయుడు’ అన్న బిరుదు కథ కూడా ఇలాంటిదే. 1972లో ఆలివర్ క్వేల్ సంస్థ జరిపిన సేకరణలో క్రాంకైట్‌కు 73 శాతం విశ్వాసం లభించింది. ‘సగటు సెనేటర్’కు 67. ఆ జాబితాలోని తక్కినవారంతా రాజకీయ నాయకులు. వార్తారంగం నుండి ఉన్నవాడు ఆయన ఒక్కడే. వియత్నాం యుద్ధకాలంలో రాజకీయ నాయకుల పక్కన నిలబెడితే ఏ నెమ్మదైన గొంతు అయినా నమ్మదగినదిగానే వినిపిస్తుంది. మమ్మటుడు ‘అన్యసన్నిధి’ అన్నది ఈ సందర్భానికి సరిగ్గా అతుకుతుంది.

7. కనుబొమ మీద నేరారోపణ

ఐతిహ్యానికి ఆధారం బలహీనమైనా దాని ఫలితాలు బలమైనవి. వ్యాఖ్యాత స్వరం దేశాన్ని మార్చగలదని పాలకులు నమ్మినప్పుడు ఆ స్వరం పాలనా సమస్య అవుతుంది. 1969 నవంబర్ 3న అధ్యక్షుడు నిక్సన్ వియత్నాం మీద ప్రసంగించిన వెంటనే మూడు ప్రసార సంస్థల వ్యాఖ్యాతలు విశ్లేషణకు దిగారు. నవంబర్ 13న ఉపాధ్యక్షుడు స్పైరో ఆగ్న్యూ అయోవా రాష్ట్రంలోని డిమాయిన్‌లో దాని మీద విరుచుకుపడ్డాడు. ఆ ప్రసంగపాఠం రాసినది ప్యాట్ బ్యుకానన్. ఎవరూ ఎన్నుకోని కొద్దిమంది చేతిలో ఇంత అధికారం ఏమిటన్నది అందులోని ప్రధాన ప్రశ్న. దానిలో ఒక వాక్యం స్వరచరిత్రకు చాలా విలువైనది. ఎగిరిన కనుబొమ, గొంతులోని ఒక విరుపు, మధ్యలో జారవిడిచిన ఎత్తిపొడుపు లక్షలమంది మనసుల్లో ప్రభుత్వాధికారి నిజాయితీ పట్ల సందేహం కలిగించగలవని ఆగ్న్యూ ఆరోపించాడు.

ఆ ఆరోపణలో పరిశీలన నిజం. కాకువుకు అర్థం ఉందని ఆలంకారికులు చెప్పినదే రాజకీయ భాషలో చెప్పాడు. అయితే దాని ఆచరణ వేరు. లైసెన్సులు ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్న వ్యవస్థలో ఉపాధ్యక్షుడు కనుబొమ కదలికను నేరంగా చూపితే తదుపరి కనుబొమ కదపడానికి ఎవరైనా ఆలోచించుకుంటారు. మాటకు ప్రత్యుత్తరం ఇవ్వవచ్చు. గొంతుకు ఇవ్వడం కష్టం. అందుచేతనే గొంతు మీద ఆరోపణను ఖండించడమూ కష్టం. ఏ విరుపూ లేదని నిరూపించడానికి సాక్ష్యం ఎక్కడిది? ప్రసార సంస్థలు ఆగ్న్యూ ప్రసంగాన్ని ప్రత్యక్షంగా ప్రసారం చేశాయి. వేలాది ఉత్తరాలు, ఫోన్లు వచ్చాయి. ఎక్కువభాగం ఆగ్న్యూ పక్షమే. ఒకే స్వరాన్ని దేశంలో ఒక భాగం నమ్మకానికి గుర్తుగా, మరొక భాగం పక్షపాతానికి గుర్తుగా వినడం అప్పటికే మొదలయిందని ఈ ఉత్తరాలు చెబుతాయి. బోద్ధవ్యుడు మారితే కాకువు అర్థం మారుతుంది.

8. ప్రతివాదంగా భారతీయ ఉదాహరణ

నెమ్మదైన స్వరం ఉంటే విశ్వాసం దానంతట అదే వస్తుందన్న వాదానికి భారతదేశంలో మంచి పరీక్ష దొరుకుతుంది. 1976లో ఆకాశవాణి నుండి వేరుపడిన దూరదర్శన్ వార్తలు స్వరంలో క్రాంకైట్ కంటే నిగ్రహమైనవి. 1984 అక్టోబర్ 31 ఉదయం ప్రధాని ఇందిరాగాంధీ మీద కాల్పులు జరిగాయి. మరణవార్తను విదేశీ రేడియో ముందే చెప్పింది. దేశీయ ప్రసారాలు సాయంత్రం వరకు ఆగాయి. ఆ సాయంత్రం దూరదర్శన్‌లో సల్మా సుల్తాన్ చదివిన తీరులో లోపం వెదకలేము. కాని బీబీసీ పెట్టుకున్న ఇళ్లకు అది అప్పటికే తెలిసిన సంగతి. గొంతు నిజాయితీగా ఉండి సంస్థ ఆలస్యం చేస్తే శ్రోత గొంతును గౌరవిస్తాడు, వార్తకు వేరేచోటికి వెళతాడు.

హైదరాబాదు దూరదర్శన్ నుండి 1983 నవంబర్ 14న మొదలైన తెలుగు వార్తలకు తొలి పాఠకుడు శాంతిస్వరూప్. టెలిప్రాంప్టర్ లేని రోజుల్లో వార్తలను కంఠస్థం చేసుకొని కెమెరా వైపు చూసి చెప్పిన ఆ తీరును ఒక తరం తెలుగువారు నేటికీ ప్రేమగా తలచుకుంటారు. ఆ ప్రేమను ఆనాటి వార్తల విశ్వసనీయతకు సాక్ష్యంగా వాడడం మాత్రం తగదు. ఉచ్చారణ మీది గౌరవం, సమాచారం మీది నమ్మకం వేరు వేరు ఖాతాలు. స్మృతిలో అవి కలిసిపోతాయి, పరిశోధనలో విడదీయాలి.

9. సాక్ష్యం సమస్య

1968 నాటి వ్యాఖ్య లిఖితపాఠంగా అనేక సంకలనాల్లో దొరుకుతుంది. కాగితం మీద చదివితే అది సాధారణమైన, కొంత జంకుతో కూడిన సంపాదకీయంలా ఉంటుంది. మెగీ మాటలే బలంగా తోస్తాయి. కాకువును లిపి పట్టుకోలేదు. కనుక స్వరచరిత్ర రాయాలంటే దృశ్యముద్రణలు కావాలి. అవీ ప్రత్యేక కార్యక్రమాలవి మాత్రమే చాలవు. ఏ అలవాటు నుండి ఆ రాత్రి క్రాంకైట్ తప్పుకున్నాడో ఆ అలవాటుకు సాక్ష్యమైన మామూలు రాత్రులు కావాలి.

నాష్‌విల్‌లోని వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం మూడు సంస్థల సాయంకాల వార్తలను ప్రతిరోజూ ముద్రించి భద్రపరచడం మొదలుపెట్టింది 1968 ఆగస్టు 5న. అంటే క్రాంకైట్ వ్యాఖ్యకు అయిదు నెలల తరువాత. ఆ ప్రయత్నం వెనుక ఉన్న పాల్ సింప్సన్ వార్తల్లో పక్షపాతం ఉందని అనుమానించినవాడు. పోల్చి చూడడానికి నిన్నటి ప్రసారం ఎక్కడా దొరకడం లేదని తెలిసి ఆశ్చర్యపోయినవాడు. 1973లో సీబీఎస్ ఆ విశ్వవిద్యాలయం మీద హక్కుల ఉల్లంఘన దావా వేసింది. 1976 నాటి కాపీరైట్ చట్టంలో గ్రంథాలయాలకు వార్తా ప్రసారాలను భద్రపరచుకునే వెసులుబాటు చేర్చిన తరువాతనే ఆ వివాదం ముగిసింది.